దొంగ క్యాసెట్టుకే ధర ఎక్కువ

ఒక ఊళ్ళో దొంగ క్యాసెట్లు విరివిగా అమ్ముడుపోతాయి. అదే రైలు మార్గంలో కొంచెం అవతల ఉన్న ఇంకో ఊళ్ళో వాటిని అడిగేవాళ్ళే ఉండరు. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే నా ఉద్యోగం పోయే పరిస్థితి ఒకసారి వచ్చింది.

పోయిన నెల మా పాత ఏరియా మేనేజరు చనిపోయారు. కర్మల నాడు వెళ్ళాను. వాళ్ళబ్బాయి నా చేయి పట్టుకుని, "నాన్నగారితో పనిచేసిన వాళ్ళలో మీరొక్కరే వచ్చారండీ. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు. పదిమందిలో నిలబడి మాట్లాడటం నాకు రాదు. మంచివారు అని చెప్పి కూర్చున్నాను. అది చాలదని ఇంటికి వచ్చాక అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన నాకు స్నేహితుడు కాదు. నా లైను మూసేయడానికి బయలుదేరి వచ్చిన మనిషి. అమ్మకాల ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆ రోజు ఆయన చేసిన పని గుర్తుంచుకోండి.

తొంభైల్లో నేను పాటల క్యాసెట్ల కంపెనీ ఒకదానిలో సేల్స్ రెప్రజెంటేటివుగా ఉండేవాణ్ణి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నా లైను. లైను అంటే నేను తిరిగి ఆర్డర్లు రాసుకుని, సరుకు చేరేటట్టు చూసే ఊళ్ళ వరస. గుడిబండ, కొత్తచెరువు లాంటి చోట్ల ఉన్న చిన్న షాపులు కూడా దాని కిందికే వచ్చేవి. మధ్యలో ఉంటుందని పెనుకొండలో బస్టాండు వెనక ఒక గది తీసుకున్నాను.

మా సరుకు విజయవాడ డిపో నుంచి వచ్చేది. అనంతపురం మీదుగా మొదట ధర్మవరం చేరేది, తర్వాత పెనుకొండ, అన్నిటికన్నా చివర హిందూపురం. మా పాటలనే దొంగచాటుగా కాపీ తీసిన దొంగ సరుకు సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వచ్చేది. పొద్దున పూట బెంగళూరు నుంచి బయలుదేరిన ప్యాసింజరు రైల్లో గోనెసంచుల్లో హిందూపురంలో దిగేది. మా క్యాసెట్టు హిందూపురం చేరేసరికి ఆ పాటలు జనానికి నోటికి వచ్చేసి ఉండేవి. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసినా, ఇదే అసలు సంగతి అని పట్టించుకోలేదు. అందరూ చెప్పినట్టు నేనూ ధర గురించే ఆలోచించేవాణ్ణి.

ఒక ఏడాది మద్రాసులో జరిగిన మా మీటింగుకు పాటల కంపెనీల సంఘం తరఫున ఒకాయన వచ్చాడు. తెర మీద దేశాల పేర్లు వేసి, ఒక్కో దేశం మీద ఒక నిలువు పట్టీ గీసి చూపించాడు. పట్టీ ఎంత పొడుగుంటే ఆ దేశంలో దొంగ క్యాసెట్లు అంత ఎక్కువ. ఎక్కడ చట్టం గట్టిగా ఉంటుందో, ఎక్కడ జనం చేతిలో డబ్బు ఆడుతుందో అక్కడ పట్టీ పొట్టిగా ఉంటుందని చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. ఆయన కూర్చోగానే మా మేనేజరు లేచి, మన రాష్ట్రంలో ఊళ్ళకు కూడా ఇలాగే గీయించాను చూడండి అని ఇంకో తెర వేశారు. హిందూపురం పట్టీ అన్నిటికన్నా పైకి లేచి ఉంది. హాలంతా నవ్వింది. వెనక వరసలోంచి ఎవరో, "ఊరంతా ఒకే వృత్తా బ్రదర్?" అన్నాడు.

మేనేజరు నావైపు చూశారు. "మీ ఊరి జనానికి చట్టమంటే భయం లేదయ్యా."

"ధర్మవరానికీ హిందూపురానికీ చట్టం ఒకటే సార్. పోలీసులూ ఒక ఎస్పీ కిందే. అక్కడ నేతపనివాళ్ళకు ఇక్కడివాళ్ళకన్నా ఎక్కువ డబ్బుందని కూడా నేను అనుకోను. మరి ధర్మవరం పట్టీ అంత పొట్టిగా ఎందుకుంది?"

"అది నువ్వు చెప్పాలి. ఆ ఊళ్ళు తిరగడానికి జీతం ఇస్తున్నది నీకు."

మాట కటువుగా ఉన్నా న్యాయంగానే ఉంది. తిరిగి వచ్చాక ఆర్డర్లు రాసుకోవడంతో పాటు జనాన్ని అడగడం మొదలుపెట్టాను.

ధర్మవరంలో నేను టీ తాగే చోటికి దగ్గరలో ఒక నేతపనివాళ్ళ ఇల్లు ఉండేది. మొగుడు గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేసేవాడు, పెళ్ళాం పక్కన కూర్చుని అంచు పోగులు అందించేది. గోడ పలక మీద టేపు రికార్డరు పొద్దస్తమానం పాడుతూనే ఉండేది. వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ కంపెనీ క్యాసెట్లే.

"ఏమప్పా, సగం ధరకే దొంగ క్యాసెట్టు దొరుకుతాది గదా. ఏంటికి కొనవు?" అని అడిగాను.

"ఒగసారి కొంటి సారూ. ఆ కత ఈమె నడుగు."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం చెప్పేది సారూ! టేపు పోయి మిషన్లో చిక్కుకునె. ఈ మనిషి గుంతలోంచి లేసి, దాన్ని పీకి పీకి తీసె. మళ్ళా వచ్చి కూర్చోని మగ్గం మీద చెయ్యి పెట్టె. అది మీగడ రంగు పట్టు. ఐదు వేళ్ళూ అచ్చు పడె!"

నాసిరకం టేపు మీద గోధుమరంగు పూత నిలవదు, పొడి పొడిగా రాలుతుంది. ఆ పొడి వేళ్ళకు అంటుకుంటే కనపడదు. పట్టు మీద కనపడుతుంది.

"షావుకారు ఆ చీర తీసుకోనంటే తీసుకోననె," అన్నాడు మొగుడు.

"నా పెండ్లికి గూడా పట్టుచీర కట్టలేదు సారూ. దొంగ క్యాసెట్టు పుణ్యాన కడితి!" అందామె.

ఆ వీధిలో ఎవరిని కదిలించినా ఆ చీర కథే చెప్పారు. ఒక ఇంట్లో పడిన మరక వీధి మొత్తానికి బుద్ధి చెప్పింది. ధర్మవరం వాళ్ళు చట్టానికి భయపడటం లేదు, తమ మగ్గం మీది చీరకు భయపడుతున్నారు.

పెనుకొండ సంగతి ఇంకో రకం. అక్కడ బస్టాండు ఎదురుగా గాజులు, రిబ్బన్లతో పాటు క్యాసెట్లు కూడా అమ్మే ఫ్యాన్సీ షాపు ఒకటుండేది. నడిపేది చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే ఒకామె. అసలు సరుకు, దొంగ సరుకు రెండూ పెట్టేది, నేను వస్తే దొంగ సరుకు మీద తువ్వాలు కప్పేది.

"కప్పొద్దులేమ్మా. ఏది ఎవరు కొంటారో చెప్పు చాలు," అన్నాను ఆ రోజు.

"దేవుని పాటలయితే అందరూ కంపెనీదే అడుగుతారు సార్. యేసయ్య పాటలు గానీ, అయ్యప్ప పాటలు గానీ, దర్గా కవ్వాలీలు గానీ. సినిమా పాటలయితే ఏదైనా పర్లేదంటారు."

"కొనేది వేరే వేరే మనుషులా?"

"ఒగరే సార్! ఒగ చేత్తో అది, ఇంగొగ చేత్తో ఇది. నేను గూడా అంతే. దేవునికి దొంగ సరుకు పెడితే ఊరుకుంటాడా? హీరోకేం సార్, ఆయనకు శానా ఉండాది."

నీతి అనేది మనిషిలో ఇంత అని కొలిచి పోసినట్టు ఉండదని ఆమె దగ్గర తెలిసింది. ఇక మిగిలింది హిందూపురం. అక్కడ ఏం జరుగుతోందో నేను తేల్చుకునే లోపే మేనేజరు లాయరును వెంటబెట్టుకుని దాడికి దిగారు.

చింతపండు మండీల పక్క వీధిలో రికార్డింగ్ సెంటర్లు మూడు నాలుగు ఉండేవి. మనకు కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చే షాపులు అవి. అన్నిటిలోకీ పెద్దది నడిపేవాడు నలభై దాటిన మనిషి, నోరు గలవాడు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "కంపెనీ" అనేవాడు. పోలీసులు అతని మిషన్లనూ ఒక సంచి క్యాసెట్లనూ స్టేషనుకు తీసుకుపోయారు. అతను నన్ను చూసి, "ఏమప్పా కంపెనీ, నా మిషన్లు కిటికీ పక్కన పెట్టొద్దని చెప్పు మీ సారుకు. వాన పడితే తడుస్తాయి," అన్నాడు.

సాక్ష్యం కోసం ఇన్‌స్పెక్టరు సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి మిషన్లో పెట్టాడు. మొదట తెలుగు పాట వచ్చింది, మాదే. తర్వాత కన్నడ పాట, అదీ మాదే. లాయరు తల ఊపాడు. మూడోది మొదలైంది. ఒక ముసలామె గొంతు. మంగళహారతి. మధ్యలో దగ్గు. వెనక నుంచి ఎవరో, "నీళ్ళు తాగవ్వా" అనడం కూడా వినిపించింది.

ఇన్‌స్పెక్టరు మా మేనేజరు వైపు తిరిగాడు. "ఈమె ఏ కంపెనీ ఆర్టిస్టు సార్? ఈమె హక్కులు కూడా మీవేనా?"

కానిస్టేబుళ్ళు గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు. అంతలో స్టేషను గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు రెండు చేతులతో నలుపుతున్నాడు. "సారూ, ఆ సంచిలో మా క్యాసెట్టు ఉండాది. మా అవ్వ లేసి పెండ్లికి వచ్చేదానికి కాదు. అందుకే ఆమె పాట పట్టించినాం. రేపు హారతి టయానికి కావల్ల."

అది కేసులో వస్తువు, ఇవ్వడం కుదరదు అన్నాడు లాయరు. మేనేజరు తనే మిషన్లోంచి క్యాసెట్టు తీసి ఆ పెద్దాయన చేతిలో పెట్టారు. లాయరు ఏదో అనబోతే, "పెళ్ళండీ," అన్నారు. అంతే.

అలాగని ఆయన మెత్తబడలేదు. రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ఉండగా నాకు తేల్చి చెప్పారు. "నెల తిరక్కుండా వాడు కొత్త మిషన్లు పెడతాడు, నాకు తెలుసు. ఎన్నిసార్లని వస్తాను? వచ్చే పెళ్ళిళ్ళ సీజను దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ లైను తీసేస్తాం. నిన్ను ఇంకో చోట వేయడానికి ఖాళీలు లేవు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు."

అప్పటికి నాకు నలభై దాటాయి. క్యాసెట్లు అమ్మడం తప్ప వేరే పని రాదు.

ఆయన అన్నట్టే కొత్త మిషన్లు వచ్చాయి. నేను ఆ షాపుకే వెళ్ళి, కొన్నాళ్ళు ఈడ కూర్చుంటానప్పా అన్నాను. అతను స్టూలు ముందుకు నెట్టి, "కూర్చో కంపెనీ. నువ్వుంటే కస్టమర్లకు నమ్మకం. స్వయానా కంపెనీ మనిషే కావిలి ఉండాడు అనుకుంటారు," అన్నాడు.

అలా కూర్చున్న రోజుల్లో ఒక రైతు వచ్చాడు. కూతురి పెళ్ళి. అల్లుడిది కర్ణాటకలో గౌరిబిదనూరు పక్క పల్లె, అటువాళ్ళంతా కన్నడం మాట్లాడేవాళ్ళు. ఆయన చెప్పిన పాటలు సగం తెలుగు, సగం కన్నడం, చివర తన అత్త పాడే హారతి పాట. షాపతను చెప్పిన రేటు విని నేను ఉలిక్కిపడ్డాను. మా క్యాసెట్టు ధర కన్నా ఎక్కువ. రైతు బేరం కూడా ఆడలేదు.

"ఏమప్పా, దానికన్నా తక్కువకే కంపెనీ క్యాసెట్టు వస్తాది గదా?" అన్నాను ఆయనతో.

"యాడ వస్తాదప్పా? కన్నడ క్యాసెట్లు ఈడ మీరు అమ్మరు. గౌరిబిదనూరు పోవల్ల. పోయి తెస్తిమే అనుకో, పెండ్లిలో ఒగటి తీసి ఒగటి పెట్టుకుంటా ఎవరు కూర్చుంటారు? మన పాటలే వేస్తే వాళ్ళు మొగం ముడుచుకుంటారు, వాళ్ళ పాటలే వేస్తే మావోళ్ళు నన్ను తింటారు."

ఆయన వెళ్ళాక షాపతన్ని అడిగాను. "జనం నీ దగ్గరికి ఏంటికి వస్తారప్పా?"

"దుడ్లు తక్కువని. ఇంగేంటికి?"

"ఇప్పుడు పోయినాయన ఎక్కువే ఇచ్చిపాయె గదా."

"ఆయనది పెండ్లి గదప్పా."

"నేను కూర్చున్న కాడి నుంచి వచ్చినోళ్ళందరిదీ పెండ్లే."

అతనికీ ఆ సంగతి కొత్తే. తను చవక సరుకు అమ్ముతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. హిందూపురం జనం మా దగ్గర కొనకపోవడానికి కారణం ఇది. వాళ్ళకు కావలసిన వస్తువును మేము తయారు చేయలేదు. తయారు చేసినవైనా వేళకు పంపలేదు. ఆంధ్రా డిపో తెలుగు క్యాసెట్లే అమ్మాలి, కర్ణాటక డిపో కన్నడ క్యాసెట్లే అమ్మాలి అని మా ఆఫీసులో గీత గీసుకున్నాం. ఆ గీత మీదుగా పిల్లనిచ్చి పుచ్చుకునే జనం మాకు కనపడలేదు.

మద్రాసు వెళ్ళి మేనేజరు ముందు కూర్చున్నాను. ఒక పక్క తెలుగు పెళ్ళి పాటలు, ఇంకో పక్క కన్నడ పెళ్ళి పాటలు ఉన్న క్యాసెట్టు ఒకటి వేద్దామన్నాను. రెండు పక్కలా చివర కొంత టేపు ఖాళీగా వదలాలి. కంపెనీ క్యాసెట్ల మీద మళ్ళీ ఎవరూ రికార్డు చేయకుండా వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చు విరిచేస్తారు. దీనికి విరవకూడదు. ఇంట్లో ముసలమ్మ పాటను రికార్డింగ్ సెంటరువాడు అక్కడ పట్టిస్తాడు, ఆ పనికి డబ్బులు అతనివి. సరుకు బెంగళూరు నుంచి పొద్దున రైల్లో రావాలి. హిందూపురంలో రికార్డింగ్ సెంటర్లన్నిటికీ ఒకే పూట ఇవ్వాలి.

"దొంగలకే డీలరుషిప్పు ఇద్దామంటావు?"

"అవును సార్."

"బెంగళూరు నుంచి వస్తే అమ్మకం కర్ణాటక వాళ్ళ ఖాతాలో పడుతుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"అంటే లైను నాది, జీతం ఇచ్చేది నేను, టార్గెట్టు కొట్టేది వాళ్ళు!"

ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. తన కింద పనిచేసేవాడు తన లెక్క తగ్గించే సలహా ఇస్తే వినే మేనేజర్లు నా ఉద్యోగ జీవితంలో ఇంకెవరూ తగల్లేదు. ఆయన విన్నారు. పైవాళ్ళతో తగవుపడి ఒప్పించారు కూడా. కానీ షరతు పెట్టారు.

"ఆ షాపువాడు ఈ క్యాసెట్టుకు ఒక్క కాపీ తీసి అమ్మినా అదే రోజు లైను మూసేస్తాను. చూడటానికి నేనే వస్తాను. ఎప్పుడు వస్తానో చెప్పను. ఈ మాట వాడికి చేరకూడదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

ఆ తర్వాత రెండు డిపోల మధ్య పెద్ద గొడవ జరిగింది. ఏ భాషను మొదటి పక్క అనాలి, ఏది రెండో పక్క అనాలి అని. ఫోన్ల మీద ఫోన్లు. చివరికి మొదటిదీ లేదు, రెండోదీ లేదు, ఆ మాటే అచ్చు వేయవద్దు అని మేనేజరు తేల్చారు. వేరే లైన్లవాళ్ళు నన్ను చూసి, ఇంటికి కన్నం వేసేవాడికి నిచ్చెన కూడా ఇస్తున్నాడురా అనుకున్నారు.

పెళ్ళిళ్ళ సీజను మొదట్లో ఒక పొద్దున బెంగళూరు ప్యాసింజరులో పెట్టెలు దిగాయి. జట్కాలో వేసుకుని మండీల వీధికి తీసుకుపోయి అన్ని షాపులకూ సమానంగా దించాను. గంట గడిచేసరికి వీధి మారిపోయింది. పల్లెల నుంచి పెళ్ళి సామాన్లకు వచ్చినవాళ్ళు క్యాసెట్ల దగ్గర గుమిగూడారు. ఒకరు కొంటే పక్కవాడు లాక్కుని చూసి తనూ కొన్నాడు. పెద్ద షాపు లోపల ఇద్దరు అవ్వలు ఒకరి తర్వాత ఒకరు పాడటానికి వచ్చి, ఎవరు ముందు అని తగవు పెట్టుకున్నారు. "నువ్వు మొదులుపెడితే పొద్దుగూకుతాది, నీ పాటకు తోకెక్కువ," అంటోంది ఒకామె. "నీ గొంతుకు ఉలికిపడి పెండ్లికొడుకు పారిపోతాడు, నేనే ముందు," అంటోంది రెండో ఆమె.

ఆ గుంపులో వెనక పంచె కట్టుకుని, భుజాన కండువాతో నిలబడి ఉన్నారు మా మేనేజరు. పంచె కింద ఆఫీసు బూట్లు అలాగే ఉన్నాయి. నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నారు. వీధి మలుపులో హోటలు ముందు లాయరు, ఆయన పక్కన ఇన్‌స్పెక్టరు కనిపించారు. షాపతనికి చెప్పకూడదని మాట ఇచ్చాను. చెప్పకపోతే నా బతుకు ఆ మనిషి నోట్లో ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

మేనేజరు ముందుకు వెళ్ళి కంపెనీ క్యాసెట్టు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. "బాబూ, ఇది ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇవ్వు. కొంచెం తక్కువలో."

"ఏంటికి సామీ? ఇదే ఉండాది గదా, తీసుకో."

"కాపీ అయితే చవక కదా."

షాపతను తలెత్తి చూశాడు. "సామీ, దీన్ని కాపీ చేయల్లంటే రెండు పక్కలూ అయ్యేదాకా మిషను ఆడల్ల. అంతసేపూ నీ మొగం నేను, నా మొగం నువ్వు చూసుకుంటా కూర్చోవల్ల. ఆలోగా ఈళ్ళంతా పక్క షాపుకు పోతారు. ఆడ గూడా ఇదే క్యాసెట్టు ఉండాది."

"నువ్వు అడిగినంత ఇస్తాను. ఇప్పుడు సరేనా?"

నేను కళ్ళు మూసుకోలేదు గానీ, మూసుకున్నట్టే ఉంది. ఆ మాట కాదనే వ్యాపారస్తుణ్ణి నేను ఆ వీధిలో చూడలేదు.

షాపతను నవ్వాడు. "ఇదేం బేరం సామీ? తక్కువలో కావల్లంటివి, ఇప్పుడు ఎక్కువ ఇస్తానంటాండావు! అంత ఇచ్చేదానికి ఈ కంపెనీవే రెండు కొనుక్కో. నా మిషను అవ్వల కోసం పెట్టినా. నీ కాపీ కోసం వాళ్ళను నిలబెడితే నన్ను శాపనార్థాలు పెడతారు."

"ఏమప్పా బూట్లాయనా," అంది తోక పాట అవ్వ, "కొంటే కొను, లేకుంటే పక్కకు జరుగు. నేను పాడల్ల."

గుంపు గొల్లుమంది. మా మేనేజరు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"పెండ్లి యాడ సామీ?" అని అడిగాడు షాపతను, క్యాసెట్టు కాగితంలో చుడుతూ.

"గౌరిబిదనూరులో," అన్నారు మేనేజరు తడుముకోకుండా.

"అయితే వాళ్ళు దిగేటప్పటికి కన్నడ పక్క పెట్టండి. మర్యాదగా ఉంటాది."

డబ్బులిచ్చి, ఆ పొట్లం చేత్తో పట్టుకుని ఆయన వీధి చివరికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. హోటలు ముందు ఆగి లాయరుతో, ఇన్‌స్పెక్టరుతో, "టిఫిన్ చేసి వెళ్ళండి. ఇవాళ ఇక్కడ పని లేదు," అన్నారు. ఇన్‌స్పెక్టరు, "ఈసారి ఆర్టిస్టు దొరకలేదా సార్?" అన్నాడు. "ఇద్దరు దొరికారు. నా వల్ల కాలేదు," అన్నారు మేనేజరు.

అక్కడి నుంచి నేరుగా ఎస్టీడీ బూత్ కు వెళ్ళి బెంగళూరు డిపోకు ఫోను చేశారు. "మధ్యాహ్నం రైలుకు ఇంకో రెండింతలు పంపండి. ఆఁ, మీ ఖాతాలోనే వేసుకోండి. నేను వద్దన్నానా? ముందు పంపండి." ఫోను పెట్టేసి నావైపు తిరిగి, "నిలబడ్డావేం? పెనుకొండకు ఎవరు ఇస్తారు, నేనా?" అన్నారు.

ఆ సీజనులో మాకు ఒక్క పెట్టె కూడా వాపసు రాలేదు. గోనెసంచులు రైల్లోంచి దిగడం కొన్నాళ్ళకు తగ్గింది. దిగినవి కూడా మా కొత్త సినిమా పాటల ముందు వెలవెలపోయాయి. ఎందుకంటే అప్పటికి అవీ మేము అదే పొద్దున రైల్లో తెప్పిస్తున్నాం. షాపతనికి ఆ బూట్లాయన ఎవరో చాలాకాలం తర్వాత చెప్పాను. "ముందే చెప్పింటే ఇంగా బాగా తిట్టింటి గదప్పా," అని బాధపడ్డాడు.

తర్వాత సీడీలు వచ్చాయి, ఒక్క సీడీలో వందల పాటలు పట్టే కాలం వచ్చింది, ఇంకొన్నేళ్ళకు ఫోన్లు వచ్చాయి. మా క్యాసెట్లు రెండువేల సంవత్సరం దాటాక ఎన్నాళ్ళో నిలవలేదు. మేము గెలిచింది కొన్ని సీజన్లే. అయినా గెలిచాం. ఫలానా దేశంలో పాటల దొంగతనం ఎక్కువ, ఫలానా దేశంలో తక్కువ అని ఇప్పటికీ పేపర్లలో చదువుతుంటాను. ఆ దేశాలేవీ నేను చూడలేదు. నేను చూసింది మూడు ఊళ్ళు. కాబట్టి నాకు తెలిసింది ఇంతే. ఎక్కడైనా పట్టీ పొడుగ్గా కనిపిస్తే, అక్కడి జనం ఎలాంటివాళ్ళు అని అడిగే ముందు, అసలు సరుకు అక్కడికి వస్తోందా, వేళకు వస్తోందా, వాళ్ళ ఇంట్లో మాట్లాడే భాషలో వస్తోందా అని అడగండి. పోలీసుల సంగతి ఆ తర్వాత. నీతి సంగతి ఇంకా తర్వాత.

మరుసటి ఏడాది మద్రాసు మీటింగులో మళ్ళీ ఊళ్ళ పట్టీలు వేశారు. హిందూపురం పట్టీ ధర్మవరం పక్కన, దానికన్నా కొంచెం పొట్టిగా నిలబడి ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సంఘం తరఫున వచ్చినాయన ఆశ్చర్యపోయి, ఎన్ని దాడులు చేశారు, ఎన్ని కేసులు పెట్టారు అని అడిగాడు. మా మేనేజరు లేచి, "ఒక దాడి చేశాం. అది మా తప్పు. తర్వాత సరుకు పంపాం," అని కూర్చున్నారు.

టీ వేళకు నన్ను పక్కకు పిలిచారు. లైను గురించి మాట్లాడాలన్నారు. పెళ్ళిళ్ళ సీజను అయిపోయింది కదా, ఇంక తీసేస్తారేమో అనుకున్నాను.

"వచ్చే నెల నుంచి గౌరిబిదనూరు కూడా నువ్వే చూడు," అన్నారు.

"అది కర్ణాటక కదా సార్. మన డిపో కిందికి రాదు."

"హిందూపురం రైలు అక్కడ ఆగుతుందా లేదా?"

"ఆగుతుంది సార్."

"అయితే నీ లైనే."